దీపం కింది గడ్డి శలభాలు: వరి చేను వద్ద వాటిని గుర్తించే తీరు

వరి చేను గట్టున తెల్లని గుడ్డ కట్టి, దాని ముందు అతినీలలోహిత గొట్టపు దీపం వెలిగిస్తే, గాలి లేని రాత్రి అరగంట తిరగకముందే గుడ్డ నిండిపోతుంది. పచ్చ దీపపు పురుగులు, సుడిదోమలు, పేడ పురుగులు, నీటిలో బతికే చిన్న చిన్న పెంకు పురుగులు వచ్చి చేరతాయి. వాటి మధ్య వేలి గోరంత పొడవున, ఎండు గడ్డి పరక రంగులో, కదలక మెదలక గుడ్డను అంటిపెట్టుకుని ఉండే సన్నని రెక్కల పురుగులు కొన్ని కనిపిస్తాయి. చూపరులకు అవన్నీ ఒక్కటే. వరి పండించే రైతుకు మాత్రం వాటిలో ఏది ఏదన్నది ఆ వారం సేద్యపు ఖర్చును నిర్ణయించే సంగతి.

పసుపు రంగు ముందు రెక్కల మీద, ఒక్కో రెక్కకు నడుమ ఒక్కటే నల్లని చుక్క ఉన్న పురుగు గుడ్డ మీద వాలిందంటే, అది వరి కాండం తొలుచు పురుగు ఆడది. తెలంగాణ రైతులు దీనినే మొగి పురుగు అంటారు. రెక్కలు వచ్చాక అది ఆహారం తీసుకోదు; కొద్ది రోజులే బతికి, గుడ్లు పెట్టి రాలిపోతుంది. ఆ గుడ్లు సుమారు వారం రోజులలో పొదుగుతాయి. వెలువడిన పిల్ల పురుగులు త్వరలోనే పిలక లోపలికి దూరతాయి. కాండంలోకి చేరిన పురుగుకు పైన చల్లిన మందు సరిగా తగలదు. కనుక రెక్కల పురుగు దీపం వద్ద కనబడిన రాత్రికీ, దాని సంతానం కాండంలోకి చేరే నాటికీ నడుమ ఉన్న ఆ కొద్ది రోజులే రైతు చేతిలో ఉన్న వ్యవధి.

పొరపాటు రెండవ వైపునా జరుగుతుంది. పక్కనున్న ఆముదపు చేను నుంచి వచ్చిన పసుపు పురుగునో, గట్టు మీది గడ్డిలో పెరిగిన లేత గోధుమరంగు పురుగునో మొగి పురుగుగా భావించి మందు చల్లితే, డబ్బు పోవడమే కాక చేనులో సాలీళ్లు, మిత్ర పురుగులు నశిస్తాయి. ఆ తరువాత సుడిదోమ పెచ్చరిల్లిన ఉదాహరణలు ఆసియా వరి దేశాలన్నిటా ఉన్నాయి.

దీపం వద్దకు ఎందుకు వస్తాయి

మనిషి కంటికి కనిపించే కాంతి సుమారు 400 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం వద్ద మొదలవుతుంది. అంతకు తక్కువ తరంగదైర్ఘ్యం గల అతినీలలోహిత కాంతిని మన కంటి కటకమే చాలావరకు అడ్డుకుంటుంది. శలభాల కళ్లలో ఆకుపచ్చ, నీలి కాంతులను గ్రహించే కణాలతో పాటు అతినీలలోహిత కాంతిని గ్రహించే కణాలు కూడా ఉన్నాయి. పురుగుల పరిశీలనకు వాడే నల్లదీపపు గొట్టాలు 365 నానోమీటర్ల పరిసరాలలో అధికంగా వెలుగునిస్తాయి. ఆ గొట్టం మన కంటికి మసక ఊదాగా తోస్తుంది, శలభానికి అది ప్రకాశవంతమైన దీపం. పాత పాదరస ఆవిరి దీపాలలోనూ ఈ కాంతి పుష్కలంగా ఉండేది. నేటి తెల్లని ఎల్‌ఈడీ దీపాలలో అది దాదాపు ఉండదు. వీధి దీపాలు మారిన ఊళ్లలో స్తంభాల కింద పురుగుల గుంపు పలుచబడడానికి ఇదొక కారణం. అందువల్ల వీధి దీపం కింద పురుగులు లేవని చేనులోనూ లేవనుకోవడం సరికాదు.

శలభాలు దీపానికి ఆశపడి వస్తాయన్నది కావ్యకాలం నుంచి ఉన్న ఊహ. 2024 జనవరిలో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వెలువడిన పరిశోధన వేరే వివరణ ఇచ్చింది. అత్యంత వేగంగా చిత్రించే కెమెరాలతో ఎగిరే పురుగులను పరిశీలించిన శాస్త్రవేత్తలు, అవి వీపును వెలుగు వైపు తిప్పుకుని ఎగురుతాయని గమనించారు. చీకటిలో కూడా నేల కంటే ఆకాశమే వెలుగుగా ఉంటుంది గనుక, వీపు వెలుగు వైపు ఉంచితే పైకీ కిందికీ తేడా తెలుస్తుంది. దీపం ఎదురైతే ఈ ఏర్పాటు తలకిందులవుతుంది. పురుగు దీపానికి వీపు తిప్పుతూ, దాని చుట్టూ చిక్కుకుపోయి తిరుగుతూనే ఉంటుంది. ఇందులో పరిశీలకులు గ్రహించవలసిన విషయం ఒకటుంది. గుడ్డ మీద చేరినవి ప్రధానంగా ఆ సమీపంలో ఎగురుతూ చిక్కినవే. వాటి సంఖ్య చేనులోని పురుగుల సాంద్రతకు నేరుగా కొలమానం కాదు. పున్నమి రాత్రులలో దీపపు ఎరకు పడే పురుగులు తగ్గుతాయి; గాలి, వాన కూడా లెక్కను మారుస్తాయి. పున్నమి నాటి లెక్కను అమావాస్య నాటి లెక్కతో పోల్చి పురుగు ఉధృతి పెరిగిందనడం తొందరపాటే.

దీపావళి దీపాలకు పురుగులన్నీ చచ్చిపోతాయని మన పల్లెల్లో ఒక మాట ఉంది. ఖరీఫ్ వరి పొట్ట, ఈనిక దశలలో ఉండే రోజులలోనే ఆ పండుగ రావడం, అప్పటికి పురుగుల సంతతి పెరిగి ఉండడం నిజమే. అయితే నూనె దీపపు మంటలో అతినీలలోహిత కాంతి అతి స్వల్పం. ప్రమిదల వల్ల చేను బాగుపడుతుందని చెప్పడానికి ఆధారం లేదు.

గడ్డి శలభాలంటే ఏవి

శాస్త్ర గ్రంథాలలో వీటిది క్రాంబిడే కుటుంబం. ప్రపంచవ్యాప్తంగా ఇందులో సుమారు 10,000 జాతులు వర్ణితమయ్యాయి. గడ్డి జాతి మొక్కల మీద పెరిగే ఒక శాఖ వల్ల కుటుంబమంతటికీ గడ్డి శలభాలన్న పేరు స్థిరపడింది గాని, అన్నీ గడ్డినే తినవు. వంకాయను తొలిచే పురుగు, కంది, పెసర కాయలను తొలిచే మారుకా మచ్చల పురుగు కూడా ఈ కుటుంబంలోవే. వరి, చెరకు, జొన్న, మొక్కజొన్న గడ్డి జాతి పైర్లే కనుక, దక్షిణాసియా సేద్యంలో ఈ కుటుంబానికి ఉన్న ప్రాముఖ్యం మరే శలభాల గుంపుకూ తీసిపోదు.

భారతదేశపు శలభాలకు నేటికీ తిరగవేసే పాత గ్రంథం జార్జ్ హాంప్సన్ రచన. నీలగిరులలో తేయాకు తోట నడిపిన ఆయన, ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా గ్రంథమాలలో శలభాలపై నాలుగు సంపుటాలను 1892, 1896 మధ్య ప్రచురించారు. గడ్డి శలభాలు నాలుగవ సంపుటంలో ఉన్నాయి. ఆయన కాలంలో వీటన్నిటినీ పైరాలిడే అన్న ఒకే కుటుంబంగా లెక్కించేవారు. పొత్తికడుపు మొదట్లో ఉండే చెవి నిర్మాణంలోని తేడాను బట్టి తరువాతి శాస్త్రవేత్తలు రెండు కుటుంబాలుగా విడదీశారు. గబ్బిలాల శబ్దాన్ని పసిగట్టే ఆ చెవి సూక్ష్మదర్శిని కింద తప్ప కనిపించదు. అందుచేత గట్టున నిలబడి చూసేవారికి రెండు కుటుంబాల మధ్య హద్దు కొంత మసకగానే ఉంటుంది.

చేతి భూతద్దంతో చూడదగిన గుర్తులు మాత్రం ఉన్నాయి. మొదటిది మూతి. తల ముందు జతగా పొడుచుకు వచ్చిన, పొలుసులతో నిండిన రెండు అవయవాలు ముక్కులా కనిపిస్తాయి. అసలైన గడ్డి శలభాలలో ఈ ముక్కు తల పొడవుకు రెండు మూడింతలు కూడా ఉంటుంది. రెండవది వాలే తీరు. గడ్డి, కాండాల మీద పెరిగే శాఖలలో చాలా వరకు రెక్కలను దేహం చుట్టూ చుట్టుకుని లేదా ఇంటి కప్పులా ఏటవాలుగా పెట్టుకుని, పరకలో పరకగా కలిసిపోతాయి. ఆకులు తినే మరొక శాఖ రెక్కలను చదునుగా పరచి, త్రికోణాకారంలో కూర్చుంటుంది. ఈ రెండు భంగిమలను వేరు చేయగలిగితే గుర్తింపులో సగం పని పూర్తయినట్లే. మూడవది కాళ్లు: దేహానికి మించిన పొడవుతో, సన్నగా ఉంటాయి.

వరి చేను వద్ద వాలేవి

పసుపు కాండం తొలుచు పురుగు శాస్త్రీయ నామం సిర్పోఫాగా ఇన్సెర్చులాస్. ఆడది రెక్కలు చాపితే సుమారు రెండున్నర నుంచి మూడున్నర సెంటీమీటర్లు ఉంటుంది. పసుపు రంగు, రెక్కకొక నల్లచుక్క, పొత్తికడుపు చివర లేత గోధుమరంగు వెంట్రుకల కుచ్చు దాని గుర్తులు. ఆ కుచ్చు అలంకారం కాదు. ఆకు కొన సమీపంలో గుంపుగా పెట్టిన గుడ్లను ఈ వెంట్రుకలతోనే కప్పుతుంది. గుడ్డ మీద వాలిన ఆడపురుగుకు కుచ్చు నిండుగా ఉందంటే అది ఇంకా గుడ్లు పెట్టలేదని, పలుచబడి ఉందంటే పెట్టడం మొదలైందని ఊహించవచ్చు.

చిక్కు మగపురుగుతోనే. అది ఆడదాని కంటే చిన్నది, రంగు పసుపు కాదు, వెలిసిన గడ్డి రంగు. నడిమి చుక్క ఉన్నా చాలా మసకగా ఉంటుంది. రెక్క కొన నుంచి లోపలికి ఏటవాలుగా సాగే చిన్న మచ్చల వరుస, అంచు వెంబడి మరికొన్ని సన్నని చుక్కలు కనబడతాయి. ఆడదాన్ని ఎరిగినవారు కూడా మగదాన్ని వేరే జాతిగా భావించడం సహజం. లింగాకర్షక బుట్టలలో పడేవి మగవే కనుక, బుట్టలు పెట్టే రైతు గుర్తుంచుకోవలసింది ఈ వెలిసిన రూపాన్నే. పసుపు పురుగులు బుట్టలో లేవని ఊరటపడడం పొరపాటవుతుంది.

పూర్తిగా తెల్లగా, చుక్క లేకుండా అదే ఆకారంలో ఉండే పురుగు వాలితే, అది ఇదే ప్రజాతికి చెందిన మరొక జాతి. వరిని తొలిచే తెల్ల కాండం తొలుచు పురుగు ఒకటుంది. చెరకు మొవ్వును తొలిచే సిర్పోఫాగా ఎక్సెర్ప్టాలిస్ మరొకటి. ఈ రెండవ దాని ఆడపురుగుకు తోక వద్ద నారింజ ఎరుపు కుచ్చు ఉంటుంది. చెరకు, వరి పక్కపక్కన పండే చోట ఆ కుచ్చు రంగును చూడకుండా తెల్ల పురుగును వరి శత్రువుగా లెక్కించరాదు.

ఆకుముడత పురుగు, అనగా నఫాలోక్రోసిస్ మెడినాలిస్, వాలే తీరులోనే వేరుగా ఉంటుంది. రెక్కలను చదునుగా పరచి త్రికోణంగా కూర్చుంటుంది. రెక్కలు చాపినా రెండు సెంటీమీటర్లు మించదు. మెరిసే పసుపు గోధుమరంగు మీద రెండు ముదురు అడ్డగీతలు, వాటి నడుమ పొట్టిగా ఆగిపోయే మరొక గీత, అంచున వెడల్పాటి ముదురు పట్టీ దీని గుర్తులు. మగదానికి ముందు రెక్క పై అంచున నల్లని పొలుసుల కుచ్చు ఉంటుంది. తూర్పు ఆసియాలో ఈ పురుగు ఏటా దక్షిణ చైనా నుంచి సముద్రం దాటి జపాన్ వరకు వలస వెళుతుంది. ఇంత దూరం ఎగరగల పురుగు దీపం వద్ద కనిపించినంత మాత్రాన అది ఆ చేనులోనే పెరిగిందని చెప్పలేము.

నీరు నిలిచిన చేలలో తెల్లని రెక్కల మీద లేత గోధుమ, నలుపు మచ్చలున్న సుకుమారమైన చిన్న పురుగు ఒకటి వస్తుంది. పారాపోయింక్స్ స్టాగ్నాలిస్ దాని పేరు. దాని పిల్ల పురుగు ఆకు ముక్కను గొట్టంగా చుట్టుకుని, అందులో ఉండి నీటి మీద తేలుతుంది. మొప్పలతో శ్వాసించే గొంగళి పురుగు గడ్డి శలభాలలో దొరికే వింతలలో ఒకటి. నీటిని తీసివేస్తే దాని ఆట కడుతుంది కనుక దీనికి మందు దాకా పోనవసరం చాలా అరుదు.

గులాబీ రంగు కాండం తొలుచు పురుగు గడ్డి శలభం కాకపోయినా ఇక్కడ ప్రస్తావించక తప్పదు. ఇది నాక్టుయిడే కుటుంబానికి చెందినది. రంగు అదే ఎండు గడ్డి రంగు గాని, దేహం దిట్టంగా ఉంటుంది, మెడ భాగం నిండా దట్టమైన వెంట్రుకలుంటాయి, ముక్కులాంటి మూతి ఉండదు. వరితో పాటు మొక్కజొన్న, రాగి, చెరకులనూ తొలుస్తుంది.

వరితో సంబంధం లేనివి కూడా అదే గుడ్డ మీద వాలతాయి. పసుపు రెక్కల నిండా పదుల కొద్దీ నల్లచుక్కలుంటే అది ఆముదం కాయలను, పసుపు, యాలకుల కాండాలను తొలిచే కోనోగెథిస్. ఒక చుక్కకూ, అనేక చుక్కలకూ తేడా అంత తేలికగా కనిపిస్తుంది గాని, దూరం నుంచి పసుపు రంగు మాత్రమే చూసి బెంబేలెత్తేవారు లేకపోలేదు. ముదురు గోధుమరంగు రెక్కల మీద స్పష్టమైన తెల్లపట్టీ నాలుగు రెక్కలకూ అడ్డంగా సాగితే అది తోటకూర ఆకులను తినే స్పోలాడియా రికర్వాలిస్. గోధుమరంగు ముందు రెక్కలో గాజుపలకలాంటి పారదర్శకపు మచ్చ ఉండి, వెనుక రెక్కలు చాలా వరకు తెల్లగా, పారదర్శకంగా ఉంటే అది కంది చేను నుంచి వచ్చిన మారుకా. గట్టు గడ్డి నుంచి వచ్చే అన్సిలోలోమియా రెక్కల మీద లోహపు మెరుపు గల నిలువు చారలుంటాయి. యూక్రోమియస్ ఓసెల్లియా రెక్క అంచున మెరిసే నల్లచుక్కల వరుస భూతద్దం కింద ఎంతో అందంగా ఉంటుంది. దాని వల్ల వరికి ఏ హానీ లేదు.

ఇక కైలో ప్రజాతి. జొన్న, మొక్కజొన్నల కాండం తొలిచే కైలో పార్టెల్లస్, చెరకు పీక పురుగుగా ప్రసిద్ధమైన కైలో ఇన్ఫుస్కాటెల్లస్, చెరకు కణుపుల మధ్య తొలిచేది, వరిలో వచ్చే చారల కాండం తొలుచు పురుగు అన్నీ ఈ ప్రజాతివే. అన్నిటికీ పొడవైన ముక్కు, ఎండు గడ్డి రంగు, రెక్క అంచున చిన్న నల్లచుక్కలు. దీపం వద్దకు వచ్చే సరికి పొలుసులు రాలిపోయి ఆ చుక్కలు కూడా చెరిగి ఉంటాయి. ప్రపంచంలోని కైలో జాతులను 1970లో సమీక్షించిన స్టానిస్లావ్ బ్లెషిన్‌స్కీ వాటిని వేరుచేయడానికి ప్రధానంగా జననాంగ నిర్మాణం మీదనే ఆధారపడ్డారు. గుడ్డ మీది పురుగును చూసి కైలో అనడం వరకు న్యాయం. అంతకు మించి జాతి పేరు చెప్పేవారి మాటను సందేహించడమే మేలు.

పేర్లు తారుమారైన సందర్భాలు

నిపుణులు సైతం ఈ చిన్న పురుగుల విషయంలో దశాబ్దాల తరబడి తప్పు పేర్లు వాడారు. భారతదేశంలో చెరకు మొవ్వును తొలిచే తెల్ల పురుగు గురించి ఇరవయ్యవ శతాబ్దంలో వెలువడిన వ్యాసాలు అనేకం సిర్పోఫాగా నివెల్లా అన్న పేరుతోనే ఉన్నాయి. ఆసియా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా ప్రాంతాల సిర్పోఫాగా జాతులను సమీక్షిస్తూ 1981లో అంగూన్ లెవ్వానిచ్ ప్రచురించిన అధ్యయనం వీటిని మళ్లీ క్రమబద్ధం చేసింది. చెరకు చీడ ఎక్సెర్ప్టాలిస్ అని, నివెల్లా వేరే జాతి అని ఆ తరువాత స్థిరపడింది. అందువల్ల పాత వ్యాసాలలోని నివెల్లా ఏ పురుగో, పైరు పేరు చూసి నిర్ణయించుకోవలసి వస్తుంది.

ఆకుముడత పురుగు కథా అటువంటిదే. వరి ఆకులను మడిచే పురుగంటే మెడినాలిస్ ఒక్కటేనన్న భావన చాలాకాలం సాగింది. 1981లో బ్రాడ్లీ ఆగ్నేయాసియా వరి చేల నుంచి మరాస్మియా పట్నాలిస్ అన్న కొత్త జాతిని వర్ణించడంతో, ఒకే పేరు కింద ఒకటికి మించిన జాతులు కలిసి ఉన్నాయని తేలింది. వాటి మధ్య తేడా రెక్క మీది గీతల అమరికలో స్వల్పంగా, జననాంగాలలో స్పష్టంగా కనిపిస్తుంది.

మొగి పురుగుకూ పాత పేర్లున్నాయి. షోనోబియస్ బైపంక్టిఫర్ అన్నది వాటిలో ఒకటి. రెండు చుక్కలు మోసేదని దాని అర్థం: రెక్కకొకటి చొప్పున లెక్క. గ్రంథాలయంలో పాత పుస్తకం తెరిచినవారికి ఈ సంగతి తెలియకపోతే, రెండు వేర్వేరు చీడల గురించి చదువుతున్నామన్న భ్రమ కలుగుతుంది.

చూడవలసిన పద్ధతి

పరికరాలు ఎక్కువ అక్కరలేదు. తెల్లని నూలు గుడ్డ, నల్లదీపపు గొట్టం, చేతి భూతద్దం, చతురస్రాల కాగితం, ఫోన్ కెమెరా చాలు. వాలిన పురుగును తాకే ముందే మూడు చిత్రాలు తీయాలి: పై నుంచి ఒకటి, మూతి కనబడేలా పక్క నుంచి ఒకటి, కొలత తెలిసేలా చతురస్రాల కాగితం పక్కన పెట్టి ఒకటి. చాలా మంది మొదటి చిత్రంతోనే ఆగిపోతారు. ముక్కు పొడవు, రెక్కల వాలు పక్క చిత్రంలోనే తెలుస్తాయి. తేదీ, సమయం, దీపం రకం, చుట్టూ ఉన్న పైర్లు, పైరు వయస్సు రాసుకోవాలి. గడ్డి శలభాల విషయంలో పక్క చేనులో ఏముందన్నది రెక్క మీది చుక్క అంత విలువైన ఆధారం.

చిత్రాన్ని చూసి పేరు చెప్పే ఫోన్ యాప్‌లు నేడు అందరికీ అందుబాటులో ఉన్నాయి. స్పోలాడియా వంటి స్పష్టమైన గుర్తులున్న పురుగుల విషయంలో అవి ఉపయోగపడతాయి. వెలిసిన గడ్డి రంగు పురుగు విషయంలో మాత్రం అవి ఇచ్చే జాతి పేరును ఒక సూచనగానే తీసుకోవాలి. చిత్రంలో లేని జననాంగాన్ని ఏ యంత్రమూ చూడలేదు. 2012లో అమెరికాలో మొదలై ప్రతి జులైలో జరిగే జాతీయ శలభ వారోత్సవం సందర్భంగా మన దేశంలోనూ ఔత్సాహికులు గుడ్డలు కట్టి చిత్రాలు పంచుకుంటున్నారు. ఆ చిత్రాలలో ప్రజాతి స్థాయి దగ్గరే ఆగిపోయిన గుర్తింపులు అనేకం. అది లోపం కాదు, నిజాయితీ.

కచ్చితంగా తేల్చవలసి వస్తే నమూనాను సేకరించాలి. పురుగును మద్యసారంలో వేయకుండా, పొడిగా కాగితపు పొట్లంలో ఉంచి చీటీ రాయాలి. ప్రయోగశాలలో పొత్తికడుపును పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేడిచేసి, మెత్తబడిన కండను తొలగించి, మిగిలిన గట్టి నిర్మాణాలను సూక్ష్మదర్శినిలో పరిశీలిస్తారు. ఒక్క కాలి నుంచి తీసిన డీఎన్ఏలో సుమారు 650 అక్షరాల నిడివి గల ఒక భాగాన్ని చదివి పోల్చే పద్ధతీ ఉంది. పోల్చవలసిన నమూనాకు తొలుత ఎవరో సరైన పేరు పెట్టి ఉంటేనే ఆ పోలిక పనికివస్తుంది. దిల్లీలోని పూసా జాతీయ కీటక సంగ్రహం, బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ, కోల్‌కతా కేంద్రంగా ఉన్న జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థల వద్ద ఇటువంటి నమూనాలు భద్రపరచి ఉన్నాయి.

జాగ్రత్తలు కూడా ఉన్నాయి. అతినీలలోహిత గొట్టాన్ని సూటిగా చూస్తూ కూర్చోరాదు. తడి నేల మీద విద్యుత్ తీగలు ప్రాణాంతకం కనుక బ్యాటరీ దీపమే శ్రేయస్కరం. నారింజ, నలుపు రంగుల సన్నని పెడెరస్ పురుగు దేహం మీద వాలితే నలపకుండా ఊదివేయాలి. నలిపితే దాని రసం తగిలిన చోట చర్మం కాలినట్లు పొక్కుతుంది. వరి చేనులో అది ఇతర పురుగులను తినే మిత్రుడే కావడం విశేషం.

పేరు తెలిశాక

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ సమన్వయంలో దేశంలోని వివిధ వరి కేంద్రాలు దీపపు ఎరల లెక్కలను నమోదు చేస్తాయి. పశ్చిమ బెంగాల్‌లోని చించురా వరి కేంద్రం పేరు మీద ఒక రకం దీపపు ఎర వాడుకలో ఉంది. బంగ్లాదేశ్‌లో గాజీపూర్ కేంద్రంగా పనిచేసే వరి పరిశోధన సంస్థ కూడా ఇటువంటి లెక్కలపై ఆధారపడుతుంది. ఒకే చోట, ఒకే రకం దీపంతో, ఏళ్ల తరబడి తీసిన లెక్కలకే విలువ. ఒక రాత్రి గుడ్డ చూసి ఉధృతిని నిర్ణయించరాదు.

దీపం హెచ్చరిక మాత్రమే ఇస్తుంది, నిర్ణయం చేనులో దిగి చూశాకే జరగాలి. చదరపు మీటరుకు ఒక రెక్కల పురుగు లేదా ఒక గుడ్ల సముదాయం కనిపిస్తే మొగి పురుగు విషయంలో చర్య తీసుకోవాలన్నది విస్తృతంగా అమలులో ఉన్న ప్రమాణం. పిలకల దశలో మొవ్వులు ఎండినా, వరి కొత్త పిలకలు వేసి కొంత నష్టాన్ని పూడ్చుకుంటుంది. ఈనిక దశలో తెల్లకంకులు వస్తే పూడ్చుకునే అవకాశమే లేదు. కనుక పొట్ట దశకు ముందు కనిపించే పసుపు పురుగుకే ఎక్కువ ప్రాధాన్యం.

ఆకుముడత పురుగు విషయంలో లెక్క వేరు. మడతపడి తెల్లబడిన ఆకులు కంటికి భయంకరంగా తోస్తాయి గాని, తొలి దశలో ఆ నష్టాన్ని పైరు చాలావరకు తట్టుకుంటుంది. వియత్నాంలోని మెకాంగ్ డెల్టాలో 1990వ దశకంలో తొలి 40 రోజులు మందు చల్లవద్దన్న ప్రచారం ఈ అవగాహనతోనే సాగింది. దీపం వద్ద త్రికోణంగా వాలిన పురుగును చూసి మరునాడే మందు చల్లడానికి కారణం లేదని దీని అర్థం.

జీవ నియంత్రణ ఎంచుకున్న రైతుకు పేరు మరింత అవసరం. గుడ్లలో పెరిగే ట్రైకోగ్రామా కందిరీగలలో మొగి పురుగుకు జపానికం జాతిని, ఆకుముడతకు ఖిలోనిస్ జాతిని సిఫారసు చేస్తారు. ట్రైకోకార్డులను రెక్కల పురుగులు గుడ్లు పెట్టే రోజులలోనే కట్టాలి. పురుగు పేరు తప్పితే కార్డు తప్పుతుంది, తేదీ తప్పితే కందిరీగలకు గుడ్లు దొరకవు.

దీపపు ఎరతోనే చీడను తుడిచిపెట్టవచ్చన్న ఆశ కొందరు రైతులలో ఉంది. రాత్రంతా వెలిగే దీపం అక్షింతల పురుగులు, నేల పెంకు పురుగులు, దోమ గుడ్లను తినే మిరిడ్ నల్లుల వంటి మిత్ర పురుగులనూ చంపుతుంది. పొద్దుగూకిన తరువాత కొన్ని గంటలు మాత్రమే వెలిగించి ఆర్పాలని, పట్టుబడిన మిత్ర పురుగులను వదిలివేయాలని వ్యవసాయ విస్తరణ విభాగాల సూచనలు చెప్పేది అందుకే.

గుడ్ల సముదాయాలు దొరికినప్పుడు వెంటనే నలిపివేయడం కంటే మరో మార్గముంది. గోధుమరంగు వెంట్రుకలు కప్పిన ఆ ఆకు కొనలను తుంచి, సన్నని రంధ్రాలున్న వెదురు బుంగలలో లేదా గుడ్డ మూత కట్టిన గాజు సీసాలో ఉంచితే వారం లోపల సంగతి తెలుస్తుంది. పిల్ల పురుగులు వెలువడితే అవి అక్కడే చస్తాయి. వాటికి బదులు చీమ తలకాయంత నల్లని, లోహపు మెరుపు గల కందిరీగలు వెలువడితే, ఆ చేనులో టెలినోమస్, టెట్రాస్టికస్ వంటి గుడ్ల పరాన్నజీవులు ఇప్పటికే పనిచేస్తున్నాయని తెలుసుకుని, సీసా మూత తీసి వాటిని పైరులోకి వదిలి, మందు డబ్బాను కొట్టులోనే ఉంచవచ్చు.